ఆశ్వాసం నుండి అరగంట వరకు

ఈ పత్రిక పుటలు తిప్పే గృహస్థులకు ముందుగా కంటికి కనిపించేవి అంకెలు. 6-40 గంటలకు ఒకటి, 7-15 గంటలకు ఒకటి, రాత్రి 9-30 గంటలకు మరొకటి. ప్రసంగమైతే పది నిమిషాలో పావుగంటో, నాటకమైతే అరగంటో గంటో. ఏళ్ల తరబడి చూచి చూచి ఇది ప్రకృతిసిద్ధమైన ఏర్పాటే అన్న భావం మనలో స్థిరపడిపోయినది. సూర్యోదయం ఇన్ని గంటలకు అని పంచాంగం చెప్పినట్లే, నాటకం ఇన్ని నిమిషాలని కూడ ఎక్కడో వ్రాసిపెట్టి ఉన్నదేమో అనిపిస్తుంది.

కాని ఒక్కసారి దేశాలు దాటి చూచినట్లయితే ఈ నమ్మకం నిలవదు. జపానులో ఉదయపు టెలివిజన్ సీరియలు భాగం 15 నిమిషాలు. టర్కీలో ఒక్కొక్క భాగం రెండు గంటలు దాటుతుంది. బ్రిటన్‌లో 6 భాగాలతో ఒక వరుస ముగిసిపోవుట సామాన్యం. మన తెలుగునాట 4,000 భాగాల దాకా సాగిన సీరియలు ఉన్నది. ఈ తేడాలకు ఆయా దేశాల ప్రజల ఓపిక కారణమా? కథలు వినే అభిరుచి కారణమా? అవేవీ కావని మా అభిప్రాయం. కథ నిడివిని కథ తానై నిర్ణయించుకొనుట బహు అరుదు. కాలాన్ని కొలిచే సాధనం, ఖర్చు భరించే చేయి, వినేవారి పనిపాటల వేళలు, ఈ మూడును కలిసి దానిని నిర్ణయిస్తున్నవి. ఈ విషయాన్ని తెలుసుకొనుటకు దూరం పోనక్కరలేదు. నెల్లూరు తీరం నుండి బయలుదేరితే చాలును.

13వ శతాబ్దిలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో ఉండిన తిక్కన సోమయాజి, మహాభారతంలోని విరాటపర్వం మొదలు స్వర్గారోహణపర్వం వరకు 15 పర్వాలను తెలుగు చేశాడు. ఆ పర్వాలను ఆయన ఆశ్వాసాలుగా విభజించాడు. ఆశ్వాసమంటే ఊపిరి తీసుకొనుట, సేదదీరుట. చెప్పేవాడు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకొంటాడో, వినేవాడు ఎక్కడ విన్నదానిని మనసులో నిలుపుకొంటాడో, అది ఆశ్వాసాంతం. మన భాషలో కథాభాగానికి ఉన్న పేరు గడియారం నుండి వచ్చినది కాదు, మనిషి శ్వాస నుండి వచ్చినది.

ఆ ఊపిరులన్నీ ఒకే కొలత కావు. తిక్కన 15 పర్వాలకు కలిపి ఆశ్వాసాలు 46. నన్నయ, ఎర్రనల పర్వాలు కూడ చేర్చితే ఆంధ్రమహాభారతం మొత్తం 63. పాండవుల అజ్ఞాతవాసం ఒక్క ఏడాది కథయే అయినా విరాటపర్వానికి 5 ఆశ్వాసాలు పట్టినవి. భీష్ముడు ధర్మరాజుకు చేసిన బోధకు శాంతిపర్వంలో 6 ఆశ్వాసాలు కావలసివచ్చినవి. యాదవకులం సమస్తం నశించిన మౌసలపర్వానికి మాత్రం ఒకే ఆశ్వాసం. పాండవుల మహాప్రస్థానానికి ఒకటి, స్వర్గారోహణకు ఒకటి. విషయాన్ని బట్టి కొలతయే గాని కొలతను బట్టి విషయం కాదు. అయినను ఆ స్వేచ్ఛలోనే ఒక కట్టుబాటు ఉన్నది. ప్రతి ఆశ్వాసం సంబోధనతో మొదలవుతుంది, సంబోధనతోనే ముగుస్తుంది. చివర కవి పేరు, పర్వం పేరు, ఆశ్వాసం సంఖ్య తెలిపే గద్యం ఉంటుంది. నేటి సీరియలుకు ముందు వచ్చే పాట, చివర వచ్చే పేర్ల పట్టిక చేసే పని అదియే.

గ్రంథంలో ఉన్న ఈ స్వేచ్ఛ ప్రదర్శనలోనూ ఉండినది. గోడ గడియారం ఇంటింటికీ రాకముందు మన పల్లెలలో కాలాన్ని జాములతోను, గడియలతోను లెక్కించేవారు. పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములు. రాత్రింబవళ్లు కలిపి 60 గడియలు. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీటిపై విడిచిపెడితే అది నిండి మునుగుటకు పట్టే కాలం ఒక గడియ, అనగా 24 నిమిషాలు. ఈ 24 నిమిషాలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో తరువాత మనకు పని ఉన్నది.

తోలుబొమ్మలాట ఈ జాముల లెక్కలోని కళ. నెల్లూరు మండలంతో సహా ఆంధ్రదేశంలో అనేక చోట్ల బొమ్మలాడించే కుటుంబాలు ఊరూరా తిరిగి తెర కట్టేవి. చీకటి పడిన తరువాత తెర వెనుక ఆముదపు దీపాలు వెలిగేవి. తెల్లవారి దీపం వెలవెలబోయే వేళకు ఆట ముగిసేది. దీపం వెలుగు పనికివచ్చినంత సేపే ఆట నిడివి. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి కథతో సంబంధం లేని హాస్యంతో జనాన్ని నవ్వించేవారు. మూడవ జామున కునికే ప్రేక్షకుణ్ణి మేలుకొలుపుటకు, పాడి అలసిన గొంతుకు విశ్రాంతి ఇచ్చుటకు, ముందు రాబోయే పాత్రను సిద్ధపరచుకొనుటకు ఆ ఘట్టాలు అక్కరకు వచ్చేవి. ఇప్పుడు ఆ విరామస్థలాన్ని సబ్బుల ప్రకటనలు ఆక్రమించినవి.

ఇక భాగాలుగా సాగే కథకు మనవారు ఏర్పరచుకొన్న రూపాన్ని చూడవలెనంటే నెల్లూరుకు దక్షిణాన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాలకు పోవలెను. భారతంలో 18 పర్వాలు, యుద్ధం 18 రోజులు. ఆ లెక్కకు తగినట్లు అక్కడ భారత ఉత్సవాలను 18 రోజులు జరుపుట ప్రసిద్ధం. పగలు భారత పురాణం లేక హరికథ, రాత్రి వీథినాటకం. నడుమ బకాసుర వధ వస్తుంది. ఒకనాడు అర్జునుని వేషధారి తపస్సుమాను ఎక్కుతాడు. చివర మట్టితో చేసిన దుర్యోధనుని పెద్ద విగ్రహం ఎదుట దుర్యోధన వధ జరుగుతుంది. ఆపై అగ్నిగుండ ప్రవేశం, ధర్మరాజు పట్టాభిషేకం. దుర్యోధనుడు ఏ రోజు పడిపోతాడో ఊరి పిల్లవానికి కూడ ముందే తెలుసును. తెలిసినందువలన జనం తగ్గరు, ఆ రోజుననే పొరుగూళ్ల నుండి బంధువులు వస్తారు.

ఈ ఏర్పాటులో ఖర్చు ఎవరిది? ఊరిది. పంట చేతికి వచ్చిన తరువాత ఇంటింటికీ వేసుకొన్న చందా, కళంలో కొలిచిన ధాన్యం, పెద్దలిచ్చే సంభావన. ఊరివారు ఇన్ని రాత్రులకని ముందే మాట్లాడుకొంటారు గనుక కథకుడు కథను సాగదీయుటకు కారణం లేదు, ముక్కలు చేయుటకు అవసరమూ లేదు. వేళను నిర్ణయించేవి జనుల పనులు. తీరాన పట్టపుపాళెంలో మగవారు తెల్లవారక ముందే పడవలు నీటిలోకి తోయవలెను. లోపలి ఊళ్లలో రైతు నారుమడి వేళ ఏ ఆటకూ రాలేడు. అందువలన ఏడాది పొడుగునా రోజుకింత అని కథను పంచుట అక్కడ సాధ్యం కాలేదు. తీరిక దొరికిన కాలంలో వరుసగా కొన్ని రాత్రులు తనివితీరా వినుట, మిగిలిన ఏడాది అంతా విన్నదానిని తలచుకొనుట, ఇదియే మన పూర్వుల పద్ధతి.

రేడియో వచ్చి ఈ కొలతను మార్చినది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రసారాలు ఆరంభించినవి. ఈ రెండింటి నడుమ ఉన్న నెల్లూరు తీరానికి అటునుండి ఇటునుండి తెలుగు మాట గాలిలో వచ్చినది. ఒకే సాధనంపై వార్తలు, వ్యవసాయ విషయాలు, పిల్లల కార్యక్రమం, కచేరీ, నాటకం అన్నిటికీ చోటు కావలెను గనుక దినాన్ని పావుగంటలుగా కోయవలసివచ్చినది. రాత్రంతా సాగే హరికథ గంటకు, కొన్నిసార్లు అరగంటకు ఒదిగినది. బుర్రకథ కూడ అంతే. ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం మారినది. ఊరి చందా పోయి, 1980ల నడిమి వరకు ప్రతి గృహస్థు తపాలా కార్యాలయంలో చెల్లించిన రేడియో లైసెన్సు రుసుము వచ్చినది.

ఈ కుదింపు నష్టమేనని మేము అనము. పావుగంటలో చెప్పవలెనన్న నిర్బంధం ప్రసంగకర్తకు అనవసరమైన మాటను విడిచిపెట్టుట నేర్పినది. గంటలో ముగియవలసిన శ్రవ్యనాటకం తెర, రంగులు, వేషాలు లేకుండ కేవలం గొంతుతోను, నిశ్శబ్దంతోను బొమ్మ కట్టుట నేర్చినది. కొలత చిన్నదగుట దోషం కాదు. ఆ కొలత ఎవరి ప్రయోజనం కొరకు ఏర్పడినది అన్నది ముఖ్యం.

ఇప్పుడు సముద్రం దాటుదాం. అమెరికాలో రేడియోకు లైసెన్సు రుసుము లేదు. అక్కడ మొదటి నుండి ఖర్చు భరించినవారు వ్యాపారులు. పగటిపూట ఇంట ఉండే గృహిణులకు సబ్బులు అమ్మవలెనన్న ఉద్దేశంతో సబ్బుల కంపెనీలు పావుగంట కథలను సోమవారం నుండి శుక్రవారం వరకు రోజూ చెప్పించినవి. అందువలననే ఆ జాతి కథలకు సబ్బు నాటకాలన్న పేరు నిలిచినది. 1937 జనవరిలో రేడియోలో మొదలైన ‘గైడింగ్ లైట్’ 1952లో టెలివిజన్‌కు మారినది. అప్పటికి భాగం 15 నిమిషాలు. 1968లో అరగంట, 1977లో గంట అయినది. 2009 సెప్టెంబరులో ముగిసేవరకు 72 ఏళ్లు నడచినది. కథ నాలుగింతలు నిండుగా అయినందున గంటకు పెరిగినదా? కాదు. కొత్త కథను నిలబెట్టుటకన్న, పేరుపడిన కథను పొడిగించుట లాభమని లెక్క తేలినది.

13 అన్న అంకె కూడ అక్కడిదే. ఏడాదికి 52 వారాలు, అందులో నాల్గవవంతు 13. వ్యాపారి మూడు నెలలకొకసారి ఒప్పందం చేసుకొనేవాడు గనుక కథలు 13 భాగాల లెక్కన నడచినవి. 1950లలో అమెరికా టెలివిజన్‌లో వారానికొకసారి వచ్చే వరుసలకు ఏడాదికి సుమారు 39 భాగాలు ఉండేవి. అనగా మూడు పదమూళ్లు. నాల్గవ పదమూడు వారాలు వేసవి సెలవు. తరువాత ఖర్చులు పెరిగి ఆ సంఖ్య 22కు దిగినది. అరగంట హాస్య నాటకంలో కథ నిజముగా ఉండేది 22 నిమిషాల ప్రాంతం, మిగిలినది ప్రకటనలది.

బ్రిటన్‌లో బి.బి.సి. గృహస్థుల లైసెన్సు రుసుముతో నడుస్తున్నది, ప్రకటనలు లేవు. అక్కడ అరగంట అంటే ఇంచుమించు అరగంటయే. ఒక వరుసను ఒకరిద్దరు రచయితలే వ్రాయుట అక్కడి వాడుక గనుక వారు వ్రాయగలిగినంతే వరుస నిడివి. ఎంతో పేరు పొందిన ‘ఫాల్టీ టవర్స్’ హాస్య నాటకం 1975లో 6 భాగాలు, 1979లో 6 భాగాలు, మొత్తం 12 భాగాలతో ముగిసినది. జనం ఇంకా కావాలన్నా రచయితలు చాలునన్నారు. ఆ బి.బి.సి. రేడియోలోనే 1951 జనవరి 1 నుండి దేశమంతటికీ ప్రసారమైన ‘ది ఆర్చర్స్’ మాత్రం నేటికీ సాగుతున్నది. యుద్ధానంతర కాలంలో రైతులకు సేద్యపు మెళకువలు తెలుపుట దాని మొదటి ఉద్దేశం. సేద్యానికి ముగింపు లేదు గనుక దానికీ లేదు.

లాటిన్ అమెరికాలో మరొక మార్గం ఏర్పడినది. క్యూబా చుట్టల కర్మాగారాలలో పనివారు చుట్టలు చుట్టుచుండగా ఒకరు ఎత్తైన పీఠంపై కూర్చుండి నవలలు చదివి వినిపించే ఆచారం 19వ శతాబ్ది నుండి ఉన్నది. ఆ క్యూబాలోనే 1948లో ఫెలిక్స్ కైగ్నెట్ వ్రాసిన ‘ఎల్ డెరెచో డె నాసెర్’ అన్న రేడియో నవల 314 భాగాలుగా ప్రసారమై ఆ ఖండమంతటా వ్యాపించినది. దాని సంతానమైన టెలివిజన్ నవల రోజూ వస్తుంది, కొన్ని నెలలు నడుస్తుంది, నిశ్చయంగా ముగుస్తుంది. చివరి భాగం నాడు వీథులు నిర్మానుష్యమవుతవి. మన దుర్యోధన వధ వంటి రోజు అది.

జపానులో ఎన్.హెచ్.కె. కూడ గృహస్థుల రుసుముతోనే నడుస్తున్నది. అయినను బ్రిటన్ ఎన్నుకొన్న 6 భాగాల పద్ధతిని అది ఎన్నుకొనలేదు. 1961 నుండి ఉదయం పూట నెలల తరబడి సాగే కథను ప్రసారం చేస్తున్నది. దానికి వారు పెట్టిన పేరు వరుస టెలివిజన్ నవల. దినపత్రికలో రోజూ ఒక ముక్కగా వచ్చే నవలను చదివే అలవాటు ఆ జాతికి ముందే ఉన్నది. పనికి పోయేవారు అల్పాహారం వేళ చూచుటకు పావుగంట సరిపోతుంది. 1983–84లో వచ్చిన ‘ఒషిన్’ 297 భాగాలు. కాబట్టి ఖర్చు భరించే చేయి ఒకటే అయినా వినేవారి అలవాటును బట్టి రూపం మారుతుందని గ్రహించవలెను. కొరియాలో వారానికి రెండు రాత్రులు, భాగం గంట ప్రాంతం, 16 భాగాలకు ముగింపు అన్నది ప్రసిద్ధమైన పద్ధతి. టర్కీలో వారానికి ఒకే రాత్రి, కాని ఆ రాత్రి ప్రధానమైన కాలమంతా ఒకే కథది. రెండు కథలు తీయుటకన్న ఒకదానినే పొడిగించుట ప్రసారకునికి చౌక. అదే భాగాన్ని ఇతర దేశాలకు అమ్మేటప్పుడు రెండు మూడు ముక్కలుగా కోస్తారు. వారానికొక సినిమా అంత నిడివి తీయవలసిన నటులు, సాంకేతికులు ఈ పనిగంటలు భరించలేమని బహిరంగంగా నిరసన తెలిపిన సందర్భాలున్నవి.

మన దేశానికి ఈ రూపం మెక్సికో నుండి వచ్చినది. అక్కడ మిగ్యుయెల్ సబీడో అన్న నిర్మాత 1970లలో అక్షరాస్యత, కుటుంబ నియంత్రణ వంటి విషయాలను ఇమిడ్చి టెలివిజన్ నవలలు తీశాడు. వాటిని గురించి తెలుసుకొన్న సమాచార శాఖ కార్యదర్శి ఎస్.ఎస్. గిల్ పూనికతో, మనోహర్ శ్యామ్ జోషి రచనగా ‘హమ్ లోగ్’ 1984 జూలై 7న దూరదర్శన్‌లో మొదలైనది. మొదటి 13 భాగాలలో ఉపదేశం పాలు ఎక్కువై జనం మెచ్చలేదు. ఉపదేశం తగ్గించి కుటుంబ కథను పెంచిన తరువాత దేశమంతా చూచినది. 150కి పైగా భాగాలు నడచి 1985 డిసెంబరులో ముగిసినది. దాని ఖర్చు భరించినవారు రెండు నిమిషాలలో ఉడికే నూడుల్సును అప్పుడే మన దేశానికి పరిచయం చేస్తున్నవారు. కుటుంబ నియంత్రణ కొరకు పుట్టిన కథ పిల్లల ఫలహారానికి దారి చూపినది.

రామానంద్ సాగర్ ‘రామాయణ్’కు మొదట అనుకొన్నవి 52 భాగాలు. 1987 జనవరి 25న మొదలై, పొడిగింపులతో 78 భాగాలై 1988 జూలై 31న ముగిసినది. టెలివిజన్ పెట్టె ఉన్న ఇంటి ముందు ఆదివారం ఉదయం వీథి వీథంతా చేరేది. ఉత్తర భారతంలో కొన్ని పట్టణాలలో పారిశుద్ధ్య కార్మికులు ఉత్తర రామాయణం కూడ చూపవలెనని సమ్మె చేశారు. కథ ఎంతవరకు చెప్పవలెనన్న విషయంలో వినేవారు తమ మాట చెల్లించుకొన్న అరుదైన ఘట్టం అది.

తెలుగులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చినది. వారానికొకసారి వచ్చే 13 భాగాల కథ చాలకాలం మన కొలత. మనకు తెలియకుండానే అమెరికా వ్యాపారి మూడు నెలల ఒప్పందం మన ఇంటి సాయంకాలంలోకి ప్రవేశించినది. మంజులా నాయుడు దర్శకత్వంలోని ‘ఋతురాగాలు’ దూరదర్శన్‌లో వచ్చినప్పటికి రోజువారీ కథల రుచి తెలుగు ఇళ్లకు తెలిసినది. 1995లో ఈటీవీ, జెమినీ టీవీ వంటి ప్రైవేటు ప్రసారాలు మొదలైన తరువాత ఆ రుచి వ్యసనమయినది. అదే దర్శకురాలి ‘చక్రవాకం’ 2003లో, ‘మొగలిరేకులు’ 2008లో మొదలై రెండునూ వేయి భాగాలు దాటినవి. 2017 నుండి 2023 వరకు నడచిన ‘కార్తీక దీపం’ 1,500 దాటినది. 2008 నుండి 2022 వరకు నడచిన ‘అభిషేకం’ సుమారు 4,000 భాగాలకు చేరినది. తిక్కన 46 ఆశ్వాసాలను తలచుకొంటే ఈ అంకె నివ్వెరపరుస్తుంది.

ఈ అరగంట సీరియలులో కథ ఎంత? మన కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించరాదు. అనగా అరగంటకు 6 నిమిషాలు. మిగిలినవి 24 నిమిషాలు, సరిగ్గా మన ఒక గడియ. నీటి గిన్నె మునిగే కాలమూ, నేటి సీరియలు కాలమూ ఒకటే అగుట కేవలం యాదృచ్ఛికం. కాని ఆ గడియలో నిన్నటి కథ మరల చెప్పుటకు కొంత, రేపటి కథ ఆశ చూపుటకు కొంత, ఒకరి మాటకు ఇంటిల్లిపాది ముఖాలు మూడేసి సార్లు చూపుటకు కొంత పోగా, కథ కదిలేది ఎంతో ప్రేక్షకులే చెప్పగలరు.

అందుకు రచయితలను నిందించి ప్రయోజనం లేదు. రోజుకొక భాగం ఇవ్వవలసినవాడు నేడు వ్రాసి రేపు తీయవలెను. ఇంటి సెట్టు ఒకసారి వేసిన తరువాత ఎన్ని భాగాలు అందులో తీస్తే ఖర్చు అంత పలుచబడుతుంది. వారం వారం వచ్చే రేటింగు బాగున్నంత కాలం ముగించుటకు ప్రసారకుడు ఒప్పుకొనడు. రేటింగు పడిపోతే సావకాశంగా ముగించుటకును ఒప్పుకొనడు. కనుక మన సీరియలుకు మధ్యభాగం అనంతం, చివరిభాగం ఆకస్మికం. పెండ్లి కావలసిన పిల్ల పెండ్లి ఏడాది ఆగుతుంది, పదేళ్ల పగ మాత్రం చివరి వారంలో తీరిపోతుంది. కథ తన ముగింపుపై అధికారం కోల్పోయినది. మాకు తోచినంతలో నష్టమంతా ఇక్కడ ఉన్నది. ముగింపు ఉన్నప్పుడే విన్నవాడు వెనుదిరిగి చూచి ఇది మంచి, ఇది చెడు అని తేల్చుకొనగలడు. తీర్పులేని వ్యాజ్యం వలె నడిచే కథలో ఆ అవకాశం ఉండదు.

ఈ మధ్య ఇంటర్నెట్టు ద్వారా వచ్చే ధారావాహికలలో మరొక మార్పు కనిపిస్తున్నది. అక్కడ ప్రేక్షకుడు నెలకో ఏడాదికో చందా కడుతున్నాడు. దినాన్ని పావుగంటలుగా కోయవలసిన అవసరం లేదు. 2021లో ప్రపంచమంతా చూచిన కొరియా వరుస ‘స్క్విడ్ గేమ్’ 9 భాగాలే. అందులో ఒక భాగం గంట దాటుతుంది, మరొకటి అరగంటకు కొంచెం పైన ఉన్నది. విషయాన్ని బట్టి కొలత అన్న ఆశ్వాస ధర్మం తిరిగి వచ్చినట్లే ఉన్నది. కాని అంతలో సంతోషించనక్కరలేదు. అదే సమయంలో చేతిఫోనుపై ఒకటి రెండు నిమిషాల భాగాలుగా కథను నరికి అమ్మే పద్ధతి చైనాలో ప్రబలి మన దేశానికీ వచ్చినది. వ్రేలితో తెరను త్రోసే కాలమే అక్కడ కొలత.

ఇప్పుడు తిరిగి మన తీరానికి వద్దాం. పులికాటు సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది, ఆ ఏట ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. 1971 నుండి అక్కడ రాకెట్లు ఎగురుతున్నవి. 2007 సెప్టెంబరులో అక్కడి నుండి పోయిన ఇన్శాట్-4సి.ఆర్. ఉపగ్రహం ఇంటిపై పెట్టుకొనే చిన్న డిష్షులకు టెలివిజన్ ప్రసారాలు అందించుటకు ఉద్దేశింపబడినది. ఊరంతా కూర్చుండి ఒకే తెరను చూచిన తీరం నుండియే ఇల్లిల్లూ వేరు తెరను చూచుటకు సాధనం పైకి లేచినది. ఇందులో ఎవరి తప్పూ లేదు. పట్టపుపాళెంలోని గృహిణి చేపల గంప దించి, వంట ముగించి, ఆ అరగంట కూర్చుంటే అది ఆమె సంపాదించుకొన్న విశ్రాంతి. దానిని తక్కువగా మాట్లాడుట అన్యాయం.

కాని బొమ్మలాడించే కుటుంబాల సంగతి కూడ తలచుకొనవలెను. ఉత్సవ వేదికలపై వారికిప్పుడు ఇచ్చేది అరగంట, మహా అయితే గంట. రాత్రంతా ఆడే ఆటలో నుండి ఏ ముక్క తీయవలెనో వారే తేల్చుకొనవలెను. హనుమంతుడు లంక కాల్చుట ఉంటుంది, చూచుటకు బాగుంటుంది గనుక. అంతకు ముందు సీతకు ధైర్యం చెప్పిన నెమ్మదియైన ఘట్టం పోతుంది. తరువాతి తరానికి అందేది ఆ అరగంట ముక్కయే. మిగిలిన జాములలోని పాటలు పాడే సందర్భం లేక గొంతులోనే మిగిలిపోతవి. నిడివిని కుదించుట కాలం ఆదా చేయుట మాత్రమే కాదు. దానివలన కొంత విద్య నశిస్తుంది.

కనుక పాఠకులకు మా మనవి స్వల్పం. అరగంట, పావుగంట, 13 భాగాలు, 4,000 భాగాలు, ఇవేవీ విధివ్రాతలు కావు. ఎవరో ఒకనాడు తమ అవసరానికి పెట్టిన కొలతలు. ఊరి చందా 18 రాత్రులు అన్నది, లైసెన్సు రుసుము పావుగంట అన్నది, సబ్బుల వ్యాపారి ముగింపు వద్దన్నాడు. కొలత పెట్టినవారు మారినప్పుడల్లా కొలత మారినది గనుక మరల మారగలదు. మీ ఊరి తిరునాళ్లలో తోలుబొమ్మలవారిని పిలిచే అవకాశం కలిగితే ఎంతసేపు ఆడుతారని అడుగక, ఈ కథకు ఎంతసేపు కావలెనని అడిగి చూడండి. ఒక్క రాత్రి మేలుకొనగలిగితే, కథను దాని ఊపిరితోనే విన్నవారవుతారు.